నోరు విప్పని తరగతిలో ఇంగ్లీషు ఎలా మొదలుపెట్టాలి?

మీ ప్రశ్నను ముందు నా మాటల్లో చెప్పుకుంటాను, నాకు సరిగ్గా అర్థమైందో లేదో మీరే చూసుకోండి. ఇద్దరే ఉపాధ్యాయులున్న పల్లె బడిలో కొత్తగా చేరారు. ఒకటి, రెండు, మూడు తరగతుల పిల్లలు ఇరవై ఏడు మంది ఒకే గదిలో మీ ముందు కూర్చుంటారు. తెలుగు, లెక్కలు చెప్పేటప్పుడు సందడిగా ఉండే గది ఇంగ్లీషు పుస్తకం తీయగానే మూగపోతోంది. అందరూ కలిసి అనమంటే అంటారు, ఒక్కొక్కరినీ లేపితే పలక అంచు గీరుకుంటూ నిలబడతారు. ప్రొజెక్టరు లేదు, కొనడానికి డబ్బు లేదు. ఏ కృత్యాలు చేయించాలి, ఎన్నాళ్ళకు మాట్లాడతారు అని అడిగారు.

నేను ఇరవై రెండేళ్ళుగా ప్రకాశం జిల్లా పల్లె బడుల్లో చిన్న తరగతులకే చెబుతున్నాను. అందులో మొదటి ఏడేళ్ళు ఇంగ్లీషు చెబుతున్నానని అనుకున్నానే తప్ప చెప్పలేదు. ఆ సంగతి ఒక తనిఖీ రోజున బయటపడింది. అప్పట్లో మామిడి పండు మీద ఒక చిన్న పాఠం ఉండేది. మా రెండో తరగతి ఆ పాఠం ఎత్తుకుంటే వీధి చివరి దాకా వినబడేది, నాకు అదొక గర్వం. వచ్చిన అధికారి ఒక పిల్లవాడిని పిలిచి పుస్తకం తెరిచి చేతికిచ్చారు. వాడు వేలు పెట్టి, ఒక్కో మాట మీదా ఆ వేలిని జరుపుతూ, ఒక్క తప్పు లేకుండా మామిడి పండు పాఠం చదివాడు. పుస్తకంలో తెరిచి ఉన్నది మాత్రం రైలు పాఠం. అధికారి ఏమీ అనలేదు. పుస్తకం నా వైపు తిప్పి చూపించారు, అంతే.

కలిసి అనిపించడం మీద నా అనుమానం ఆనాటిది. ముప్పై మంది కలిసి అరిస్తే అందులో ఐదుగురు ముందు అంటారు, పది మంది వాళ్ళ తోక పట్టుకుంటారు, మిగతా వాళ్ళు పెదవులు కదుపుతారు. ఉపాధ్యాయుడి చెవికి మాత్రం ముప్పై గొంతులూ వినబడతాయి. మీ తరగతి మూగగా ఉందని మీరు బాధపడుతున్నారు. మీకు కనీసం నిజం కనబడుతోంది, నా తరగతి కంటే అది నయం.

కాబట్టి మొదటి నెల పిల్లలను మాట్లాడమని అడగకండి. విని చేయమనండి. వాళ్ళకు ఇంట్లో తెలుగు అలాగే వచ్చింది. ‘బంతి తీసుకురా’ అంటే పాకుతూ వెళ్ళి తెచ్చేవారు, ‘తాతకు దండం పెట్టు’ అంటే పెట్టేవారు. ఆ రెండు మాటలూ నోటితో అనడానికి చాలా నెలలు పట్టింది, ఆ నెలల్లో వాళ్ళను ఎవరూ బల్ల ఎక్కించలేదు. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త జేమ్స్ ఆషర్ 1960లలో సరిగ్గా దీన్ని చూసే ఒక బోధనా పద్ధతి తయారు చేశాడు: ఆజ్ఞ వినడం, ఒంటితో జవాబివ్వడం, నోటికి తొందర పెట్టకపోవడం. శిక్షణ తరగతుల్లో టి.పి.ఆర్. (టోటల్ ఫిజికల్ రెస్పాన్స్) అని మూడక్షరాల్లో చెప్పి వెళ్ళిపోతారు గానీ, చేసే తీరులోనే అసలు కిటుకు ఉంది.

నేను చేసేది ఇలా ఉంటుంది. మొదటి రెండు మూడు రోజులు ‘స్టాండ్ అప్’, ‘సిట్ డౌన్’, ‘టచ్ యువర్ నోస్’, ‘వాక్ టు ద డోర్’ లాంటి ఏడెనిమిది ఆజ్ఞలు మాత్రమే. నేను అంటూ చేస్తాను, వాళ్ళు చూసి చేస్తారు. తెలుగులో అర్థం చెప్పను, చెప్పాల్సిన అవసరం రాదు. నాలుగో రోజున చేతులు వెనక్కి కట్టుకుని అంటాను. అప్పుడు సగం మంది పక్కవాళ్ళను చూస్తారు. చూడనివ్వండి, అదీ నేర్చుకోవడమే. ఐదో రోజున మోసం మొదలవుతుంది: నోటితో ‘టచ్ యువర్ నోస్’ అంటూ నా చేత్తో చెవి పట్టుకుంటాను. చెవి పట్టుకున్నవాడు కళ్ళతో నేర్చుకుంటున్నాడు, ముక్కు పట్టుకున్నవాడు చెవులతో నేర్చుకుంటున్నాడు. ఈ ఒక్క నిమిషంలో తెలిసినంత నాకు ఏ పరీక్షలోనూ తెలియలేదు. పిల్లలకు మాత్రం అది టీచర్ చేసిన తమాషా. ‘టీచర్ తప్పు పట్టుకుంది’ అని పడీ పడీ నవ్వుతారు.

వారం తర్వాత అంతకుముందు ఎప్పుడూ వినని వాక్యం ఒకటి వేయండి. ‘పుట్ యువర్ స్లేట్ ఆన్ యువర్ హెడ్ అండ్ వాక్ టు ద విండో.’ ముక్కలన్నీ తెలిసినవే, కలిపి ఎప్పుడూ వినలేదు. పలక నెత్తిన పెట్టుకుని కిటికీ వైపు నడిచే మొదటి పిల్లను గమనించండి. ఆమెకు వచ్చింది వల్లెవేసిన మాట కాదు, భాష. మూడో తరగతి వాళ్ళకు ఈపాటికి విసుగు పుడుతుంది. వాళ్ళను నాయకులను చేసి, చిన్నవాళ్ళకు ఆజ్ఞలు ఇవ్వమనండి. ఎదుటివాళ్ళ చేత గుంజిళ్ళు తీయించే అవకాశం దొరికితే ఎంతటి మౌనవ్రతమైనా సడలుతుంది. నా తరగతుల్లో మొదటి ఇంగ్లీషు మాటలు చాలావరకు ఇక్కడే పుట్టాయి. అడగకుండానే.

ఇదే నెలలో పక్కన మరో పని నడుస్తుంది, దాని పేరు మాటల సంచి. ఇంట్లో, అంగడిలో, బస్సులో వినబడే ఇంగ్లీషు మాటలు రోజుకొకటి తెమ్మంటాను. తమకు ఇంగ్లీషు రాదని పిల్లల గట్టి నమ్మకం. పది రోజుల్లో నల్లబల్ల నిండిపోతుంది: ఫ్యాను, స్విచ్చు, ఛార్జరు, టికెట్టు, బిస్కెట్టు, ప్లేటు, గ్లాసు, రోడ్డు, లారీ, పంపు, మోటారు, పైపు. వ్యవసాయం చేసే ఇళ్ళ పిల్లలు నాకు తెలియని మందుల పేర్లు కూడా తెచ్చారు. ఒకడు ‘మేస్త్రీ’ తెచ్చాడు, వాళ్ళ నాన్న పని అది. అది పోర్చుగీసు నుంచి వచ్చిన మాట. ఆ సంగతి చెబితే వాడు చిన్నబుచ్చుకున్నాడు. చివరికి, అంతకంటే దూరం నుంచి వచ్చిన మాట కదా అని, బల్ల మీద అందరి మాటల కంటే పైన రాశాను.

ఆ మాటలు ఎందుకంటే, వాటితోనే తోక కత్తిరించే ఆట ఆడాలి. తెలుగు మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి, అందుకే ‘బుక్’ను మనం ‘బుక్కు’ చేసుకుని ఇంటి మాటను చేసేశాం. తప్పేమీ లేదు, తెలుగులో అది తెలుగు మాట. ఇంగ్లీషులో అంటున్నప్పుడు మాత్రం ఆ చివరి ‘ఉ’ తోకను కత్తిరించాలి. నేను ‘రోడ్డు’ అంటే పిల్లలు రెండు వేళ్ళు కత్తెరలా ఆడించి ‘రోడ్’ అంటారు. బస్సు, బస్. పెన్ను, పెన్. కారు, కార్. మధ్యలో ‘పాలు’ అంటాను. కత్తిరించినవాడు ఔటు, అది తెలుగు తోక కదా. రోజుకు మూడు నిమిషాలు, నెల రోజులు. ఉచ్చారణ మీద నేను విడిగా ఏ పాఠమూ చెప్పను. మనం ‘ఎ’తో మొదలయ్యే మాట ముందు ‘య’ చేరుస్తాం, అందుకే గుడ్డు ‘యెగ్గు’ అవుతుంది. దానికి తల, తోక రెండూ కత్తిరించాలని ఒక పిల్ల తనంతట తానే కనిపెట్టింది.

అక్షరాల దగ్గర కాసేపు ఆగుతాను, ఎందుకంటే ఇక్కడే ఎక్కువ మంది తప్పిపోతారు. మన లిపిలో అక్షరం పేరు, దాని ధ్వని ఒకటే. ‘క’ పేరు ‘క’, పలికేదీ ‘క’. ఇంగ్లీషులో పేరు వేరు, పలికేది వేరు. ‘సీ, ఏ, టీ, క్యాట్’ అని నేను చెబుతుంటే ఒక రెండో తరగతి పిల్లవాడు, ‘సీ, ఏ, టీ కలిపితే సీయేటీ కదా టీచర్, క్యాట్ ఎక్కడి నుంచి వచ్చింది?’ అని అడిగాడు. న్యాయమైన ప్రశ్న. జవాబు లేక కూర్చోమన్నాను.

ఇప్పుడైతే అక్షరాల పేర్లతో మొదలుపెట్టను. ఎస్, ఏ, టీ, పీ, ఐ, ఎన్ అనే ఆరు అక్షరాల ధ్వనులతో మొదలుపెడతాను. ఈ వరుస నేను కనిపెట్టింది కాదు, ధ్వనులతో చదవడం నేర్పేవాళ్ళు చాలాకాలంగా వాడుతున్నదే. ఆరింటితో సిట్, పిన్, టిన్, టిప్, ట్యాప్, ప్యాన్, న్యాప్, స్పిన్ లాంటి మాటలు వచ్చేస్తాయి, ఇరవై ఆరు అయ్యేదాకా ఆగనక్కర్లేదు. మూడో తరగతికి పొల్లు తెలుసు కాబట్టి, ఇంగ్లీషు హల్లులన్నీ పొల్లు హల్లులే అని చెబుతాను. టీ అంటే ‘ట’ కాదు, ‘ట్’. పీ అంటే ‘ప్’. మధ్యలో అచ్చు వచ్చి కూర్చునేదాకా ఆ రెండూ నోట్లోనే ఆగిపోతాయి. ఇక ‘క్యాట్’లోని ఆ వింత అచ్చు మనకు రాదని అంటారు, అది అపోహ. కోస్తాలో ‘వచ్చాడు’, ‘చెప్పాడు’ అనేటప్పుడు ‘చా’, ‘పా’ల దగ్గర నోరు ఎలా తెరుచుకుంటుందో చూసుకోండి. ఆ ధ్వనే కాస్త పొట్టిగా. మనకు దానికి ప్రత్యేకంగా అక్షరం లేదు, అంతే.

ఆరు అక్షరాలూ ఆరు పలకల మీద రాసి ఆరుగురికి ఇచ్చి నిలబెట్టండి. మీరు ‘పిన్’ అంటే ఆ ముగ్గురూ ముందుకొచ్చి వరుసలో నిలబడాలి. ‘నిప్’ అంటే రెండు చివరలా ఉన్నవాళ్ళు చోట్లు మార్చుకోవాలి. పరుగులు, తోపులాటలు ఉంటాయి. కూర్చున్నవాళ్ళు తప్పులు పడతారు, వాళ్ళే నిజంగా చదువుతున్నవాళ్ళు.

ఇక ఆటలు. మీరు ఇంటర్నెట్లో వెతికితే వందల కృత్యాలు దొరుకుతాయి, వాటి నియమాలు వివరించేసరికి గంట కొడతారు. పిల్లలకు నియమాలు ముందే తెలిసిన ఆటను తీసుకుని, లోపలి మాటలు మాత్రం మార్చడం నాకు కుదిరిన పద్ధతి. వీరి వీరి గుమ్మడిపండు ఉంది కదా. ఒకరి కళ్ళు మూస్తారు, ఇంకొకరు వచ్చి తట్టి వెళతారు, వీరి పేరేమి అని అడుగుతారు. ఇంగ్లీషు నేర్పడానికే పుట్టినట్టుండే ఆట ఇది! కళ్ళు మూసినవాళ్ళు ‘హూ ఈజ్ దిస్?’ అని అడుగుతారు, కళ్ళు తెరిచినవాడు ‘ఈజ్ ఇట్ రమణ?’ అంటాడు, తరగతి ‘నో’ అనో ‘యస్’ అనో అంటుంది. ‘ఈజ్’ను మన పిల్లలు మింగేస్తారు, తెలుగులో ‘ఇది పుస్తకం’ అంటే చాలు కాబట్టి. ‘దిస్ బుక్’ అంటే వాళ్ళ దృష్టిలో వాక్యం పూర్తయింది. దాని మీద వ్యాకరణం చెబితే లాభం లేదు. ఈ ఆటలో మాత్రం ‘ఈజ్’ లేకుండా ప్రశ్న మొదలే కాదు. వారం ఆడితే అది నాలుక మీద స్థిరపడుతుంది. తొక్కుడుబిళ్ళ గడుల్లో మాటలు రాసి, గెంతుతూ అనిపించడం కూడా పనిచేస్తుంది గానీ మా బడి ముందు అంతా రాళ్ళు, ఎక్కువ ఆడలేదు.

మూడు స్టీలు గ్లాసులు, ఒక చింతగింజ తీసుకోండి. గింజ గ్లాసు కింద ఉందా, లోపల ఉందా, బోర్లించిన గ్లాసు మీద ఉందా. తెలుగులో ‘గ్లాసు కింద’ అని వస్తువు ముందు, చోటు తర్వాత వస్తాయి, ఇంగ్లీషులో తిరగబడి ‘అండర్ ద గ్లాస్’ అవుతుంది. ఒకరు దాస్తారు, మిగతావాళ్ళు అడుగుతారు. దాచినవాడి ముఖం చూసి చెప్పేసే గడుసువాళ్ళు ఉంటారు, అందుకని దాచినవాడిని గోడ వైపు తిరగమంటాను.

నా లెక్కలో అన్నిటికంటే విలువైన కృత్యానికి కావలసినవి రెండు పలకలే. ఇద్దరు పిల్లలు వీపులు ఆనించి కూర్చుంటారు. ఒకరు తన పలక మీద బొమ్మ గీస్తూ చెబుతారు, రెండోవారు చూడకుండా విని గీస్తారు. అయ్యాక పలకలు పక్కపక్కన పెట్టి చూసుకుంటారు. మొదటిసారి నేనే చెబుతాను: ‘డ్రా ఎ బిగ్ ట్రీ. డ్రా ఎ డాగ్ అండర్ ద ట్రీ. డ్రా ఎ స్మాల్ సన్.’ తర్వాత వాళ్ళకు వదిలేస్తాను. నాకు బాగా గుర్తున్న జంట ఒకటి ఉంది. చెప్పేవాడు ‘డాగ్ ఆన్ ట్రీ’ అన్నాడు, గీసేవాడు బుద్ధిగా కొమ్మ మీద కుక్కను గీశాడు. పలకలు కలిపి చూశాక చెప్పినవాడు తిట్టాడు, గీసినవాడు, ‘నువ్వు ఆన్ అన్నావు, అండర్ అనలేదు’ అని పోట్లాడాడు. పలకలు పట్టుకుని నా దగ్గరికి తీర్పు కోసం వచ్చారు. ఒక ఇంగ్లీషు మాట కోసం ఇద్దరు ఏడేళ్ళ పిల్లలు కొట్టుకునేదాకా వచ్చారంటే, ఆ మాట ఇక జీవితంలో మరచిపోరు. నేను ఎన్నిసార్లు ఎర్ర సిరాతో దిద్దినా రాని ఫలితం కొమ్మ మీది కుక్క తెచ్చింది.

ఇది ఎందుకు పనిచేస్తుందంటే, ఒకరికి తెలిసినది ఇంకొకరికి తెలియదు, ఆ ఖాళీని మాటతోనే నింపాలి. చేతిలో పెన్ను పట్టుకుని ‘వాట్ ఈజ్ దిస్?’ అని అడిగితే, టీచరుకు పెన్ను తెలియదా అని పిల్లలు లోలోపల అనుకుంటారు. అందుకే జవాబులో ప్రాణం ఉండదు. అదే పెన్నును గుడ్డ సంచిలో వేసి, చేయి పెట్టి తడిమి చెప్పమనండి, ప్రశ్న నిజమైపోతుంది. భాషా బోధన నిపుణులు ఎన్.ఎస్. ప్రభు గారు 1979 నుంచి 1984 దాకా దక్షిణాది బడుల్లో నడిపిన ప్రయోగం, బెంగళూరు ప్రాజెక్టు అంటారు, ఈ ఆలోచన మీదే నిలబడింది. వ్యాకరణం పాఠాలు పక్కన పెట్టి, పటాలు, రైళ్ళ వేళల పట్టికలు ఇచ్చి లెక్క తేల్చమనేవారు. మనసు పని మీద ఉన్నప్పుడు భాష తనంతట తాను పడుతుందని ఆయన వాదన. ఆయన చెప్పినదంతా మన తరగతి గదిలో సాగదు గానీ, ఒక కృత్యం మంచిదో కాదో తేల్చుకోవడానికి నేను వేసుకునే ప్రశ్న అక్కడి నుంచే తెచ్చుకున్నాను: ఈ ఆటలో ఇంగ్లీషు మాట అనకపోతే పిల్లవాడి పని ఆగిపోతుందా? ఆగకపోతే ఆ కృత్యం అలంకారమే.

అంగడి ఆట కూడా ఈ కోవలోదే. ఖాళీ బిస్కెట్ పొట్లాలు, సబ్బు పెట్టెలు, చింతగింజలు డబ్బుగా. ‘హౌ మచ్?’, ‘టెన్ రుపీస్’, ‘గివ్ మీ టూ’. ధరలు వాళ్ళకు నాకంటే బాగా తెలుసు. వాళ్ళమ్మ చిల్లర కొట్టు నడిపే ఒక అమ్మాయి మా అంగడి యజమాని. ఒకరోజు కొనడానికి వచ్చినవాడి దగ్గర గింజలు అయిపోయాయి. వాడు కాసేపు తల గోక్కుని, ‘రైట్ ఇన్ బుక్’ అన్నాడు. ఖాతాలో రాసుకోమని! ఆ అమ్మాయి ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా ‘నో. మనీ’ అంది. నేను పలికించిన సంభాషణల్లో ఇంత సహజమైనది ఒక్కటీ లేదు.

అక్కడ నేను ‘రైట్ ఇట్ ఇన్ ద బుక్ అనాలి’ అని దిద్దలేదు. దిద్దాలనిపిస్తుంది, నోరు కట్టేసుకోండి. దిద్దాల్సిన మాటను మీ జవాబులో కలిపి తిరిగి ఇవ్వండి. పిల్ల ‘టీచర్, ఐ వాటర్’ అంటే, ‘యస్, గో అండ్ డ్రింక్ వాటర్’ అనండి. తల్లులు తెలుగు అలాగే దిద్దుతారు. ‘అన్నం తిన్నుతా’ అన్న పిల్లవాడిని ఎవరూ నిలబెట్టి క్రియారూపాలు అడగరు, ‘తింటావా నాన్నా, రా తిందువు’ అంటారు.

చేయకూడనివి కూడా రెండు మూడు చెప్పాలి. తరగతిలో తెలుగు మాట్లాడితే రూపాయి జరిమానా వేసే బడి ఒకటి నేను దగ్గరగా చూశాను. ఇంగ్లీషు పెరగలేదు, మాటలే తగ్గాయి. పిల్లలు సైగలు చేసుకునేవారు. ఆట నియమం అర్థం కాకపోతే, పిల్ల ఏడుస్తుంటే, జోకు వేయాలంటే తెలుగులోనే చెప్పండి. తెలుగు మనకు అడ్డం కాదు, ఆధారం.

దుకాణంలో దొరికే అక్షరాల చార్టులు కొనే ముందు బొమ్మలు చూడండి. ఐ అక్షరానికి మంచు ఇల్లు, వై అక్షరానికి పడవలాంటిదేదో ఉంటుంది. మా పిల్లవాడు మంచు ఇంటిని చూసి ‘పుట్ట’ అన్నాడు. మా ఊళ్ళో అలాంటి ఆకారంలో ఉండేది అదే. నేను పాత క్యాలెండర్లు, పత్రికలు కత్తిరించి అట్టలకు అంటించుకుంటాను, గేదె, ఆటో, నీళ్ళ ట్యాంకు, టమాటా. పాటల సంగతీ అంతే. వానను వెళ్ళిపొమ్మని పాడే ఇంగ్లీషు పాటను వర్షాభావ ప్రాంతంలో పిల్లల చేత పాడించిన ఘనత నాదీ. మన పిల్లలు వానను రమ్మని కదా పాడుకునేది. ఒక తాత అరుగు మీద నుంచి అర్థం అడిగాడు. చెప్పాక, ‘ఈ పాట మా ఊళ్ళో వద్దమ్మా’ అన్నాడు. ఇప్పుడు వాళ్ళకు తెలిసిన బాణీకి నాలుగు ఇంగ్లీషు మాటలు నేనే కట్టుకుంటాను. బాగుండవు, అయినా పాడతారు.

మీ గదిలో మూడు తరగతులు ఉన్నాయి కాబట్టి సమయం ఎలా అని సందేహం వస్తుంది. రోజూ ప్రార్థన అయిన వెంటనే పదిహేను నిమిషాలు మూడు తరగతులకూ కలిపి ఆజ్ఞల ఆట, తోక ఆట. తర్వాత మూడో తరగతికి పలకల జంటలు అప్పగించి, ఒకటో తరగతితో మీరు కూర్చోండి. రెండో తరగతి వాళ్ళు అటూ ఇటూ మొగ్గుతారు, మొగ్గనివ్వండి. పక్క గదిలోని సారుకు ముందే చెప్పి ఉంచండి, గోల వస్తుంది. వారానికొకసారి గంట చెప్పే ఇంగ్లీషు కంటే రోజూ పదిహేను నిమిషాలది ఎక్కువ నిలుస్తుంది.

పాఠ్యపుస్తకం పక్కన పెట్టమని నేను అనను. ఇప్పుడు గణితం, పరిసరాల విజ్ఞానం పుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లీషులో, ఎదురు పేజీ తెలుగులో ఇస్తున్నారు. మాధ్యమం గొడవ ఎలా ఉన్నా, ఆ ఎదురెదురు పేజీలు మనకు మంచి పనిముట్టు. ముందు తెలుగు పేజీ చదివిస్తాను. తర్వాత ఇంగ్లీషు పేజీలో తమకు తెలిసిన ప్రతి మాట మీదా ఒక చింతగింజ పెట్టమంటాను. మొదటి వారం నాలుగు గింజలు, సంక్రాంతికి ఇరవై. ఆ లెక్క వాళ్ళ పుస్తకం వెనక తేదీతో రాస్తాను. తనిఖీకి వచ్చినవారికి చూపించడానికి కాగితం కావాలి కదా, అదే కాగితం.

తల్లిదండ్రులు వస్తారు. ‘పక్క ఊరి కాన్వెంటులో రోజూ నోట్సు రాయిస్తున్నారు, మీరు ఆటలు ఆడిస్తున్నారట’ అంటారు. వాదించకండి. తల్లిదండ్రుల సమావేశం రోజున వాళ్ళను కూడా వరుసలో నిలబెట్టి, పిల్లల చేత ఆజ్ఞలు ఇప్పించండి. మా దగ్గర ఒక తండ్రికి ‘టచ్ యువర్ ఎల్బో’ అంటే తెలియక కొడుకు వైపు చూశాడు, కొడుకు రహస్యంగా మోచేయి చూపించాడు. ఆ తర్వాత ఆ తండ్రి నోట్సు మాట ఎత్తలేదు.

ఎన్నాళ్ళకు మాట్లాడతారు అన్నారు. ఒక్కొక్కరిది ఒక్కో లెక్క. కొందరు రెండో వారంలోనే, చాలామంది దసరా సెలవుల తర్వాత. మాట్లాడనివాళ్ళను లెక్కలోంచి తీసేయకండి, వాళ్ళ చేతులు, కళ్ళు గమనించండి. ఒకటో తరగతిలో ఒక పిల్ల జూన్ నుంచి ఫిబ్రవరి దాకా ఒక్క ఇంగ్లీషు మాట అనలేదు. ఏ ఆజ్ఞ ఇచ్చినా అందరికంటే ముందు చేసేది, అంతే. మధ్యాహ్న భోజనం వరుసలో నేను గుడ్లు వడ్డించేటప్పుడు ప్రతి ఒక్కరితో ఒక ముక్క ఇంగ్లీషు మాట్లాడతాను, అలవాటు. ఆ రోజు ఆమె పళ్ళెంలో గుడ్డు వేసి ‘బిగ్ ఎగ్?’ అన్నాను. ఆమె తన పళ్ళెం చూసుకుంది, పక్క పిల్లవాడి పళ్ళెం చూసింది, నా ముఖంలోకి చూసి ‘నో. స్మాల్’ అంది. తలా తోకా లేకుండా, చక్కగా. గుడ్డు మార్చి ఇచ్చాను.